మొగుడి పేరున వెళ్లిన పాటలు

తర్వాతి రోజుల్లో ఓర్లీనా కోంబ్స్ రికార్డుల మీద ఆమె పేరే పడింది. మొదట్లో మాత్రం ఆడది పాట కడితే ఎవడు వింటాడని అమెరికాలోని కెంటకీ రేడియో వాళ్లకో వెర్రి నమ్మకం. అందుకే ఆమె కట్టిన పాటలన్నీ మొగుడు ఫారిస్ పేరున వెళ్లేవి. ఫారిస్‌కా, సంతకం చేయడమే గగనం! బొగ్గుగనిలోకి దిగడం, నల్లటి మొహంతో ఇల్లు చేరడం, అంతే. అయినా గని మనుషులంతా "కవిగారూ!" అంటూ ఆటపట్టించేవారు.

ఆ శనివారం మధ్యాహ్నం గిటారుతో మైకు ముందు నిలబడ్డాకగానీ ఓర్లీనాకు బుర్ర వెలగలేదు. కొత్త పాట, గని కప్పు కూలి చచ్చిపోయిన తమ్ముడి మీద. కప్పు కింద దుంగలు నిలబెట్టడానికి కూడా కక్కుర్తిపడిన కంపెనీని అందులో కడిగిపారేసింది. తమ్ముడి పాట ఈ రోజు వినిపిస్తానని అమ్మకు మాటిచ్చింది. మరి గని మేనేజరు ఇంట్లోనూ రేడియో ఉందాయె! ఫారిస్ కట్టాడంటే అతని పని ఊడుతుంది. ఉండే ఇల్లూ కంపెనీదే. ఆ కొండల్లో మరే గనీ రానివ్వదు. ఇద్దరు పిల్లలు! ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"డూయీ, ఇవాళ ఫారిస్ పేరు చెప్పకు," అంది అనౌన్సరు చెయ్యి పట్టుకుని.

"ఊరుకో అమ్మాయ్! రోజూ చెప్పేదేగా," అని డూయీ మైకు అందుకున్నాడు. "ఇక మన ఫారిస్ కోంబ్స్ కట్టిన కొత్త పాట!"

ఓర్లీనా అతన్ని పక్కకు నెట్టింది.

"ఈ పాట నాది. ఇన్నాళ్లూ పాడినవన్నీ నావే. మా ఆయనకు ఇందులో ఒక్క ముక్క తెలీదు."

పాడేసింది.

ఇంటికి వెళ్లే బస్సులో దారి పొడుగునా భయమే. దిగేసరికి మంచం, పొయ్యి, పిల్లల బట్టలు రోడ్డు మీద వానకు తడుస్తున్నాయి. మంచం అంచున ఫారిస్.

"నీకేం తెలీదని చెప్పాగా! మేనేజరు నమ్మలేదా?"

"నమ్మాడు. నిన్నిక పాడనివ్వనని ఒక్క మాటంటే ఇల్లు ఉంచుతానన్నాడు."

"అనలేదా?"

"రెండో చరణం నేనే కట్టానన్నాను, ఓర్లీ."

"చచ్చినాడా! నీకు రెండో చరణం వచ్చా అసలు?" అని ఓర్లీనా భోరుమంది.

"రాదు. వాడెక్కడ పాడి చూపించమంటాడోనని హడలి చచ్చాను," అన్నాడు ఫారిస్.