హన్నా వద్దన్న టర్బో

మూసాపేట మెట్రో స్తంభాల పక్క సందులో ఉన్న జోసెఫ్ షెడ్డంటే డ్రైవర్లకు గురి. ఆయన బాగుందన్నాడంటే ఇక మళ్లీ చూడక్కర్లేదు. ఇప్పుడు కళ్లు మసకబారి స్టూలు మీదే కూర్చుంటున్నాడు గానీ, ఆ మాటకు మాత్రం ఇంకా తిరుగులేదు. పానా పట్టేది కోడలు హన్నా.

ఆ రోజు మునిస్వామి వచ్చాడు. కడప మనిషి, సాఫ్ట్‌వేర్ వాళ్లను హైటెక్ సిటీలో దింపి వస్తుంటాడు. అతని కారు ఇంజనుకు గాలి ఎక్కించే టర్బో పాడైపోయింది.

"నా దగ్గర ఒకటున్నది. నేనే దాచిన. ఫికర్ చెయ్యకు," అని జోసెఫ్ మాటిచ్చేశాడు.

రెండు వానాకాలాలుగా అటక మీద గోనెసంచిలో పడున్న ఆ టర్బోను హన్నా కిందికి దించింది. పైనంతా ఎర్రటి తుప్పు. బ్రష్షుతో రుద్దితే రాలిపోయింది, కింద ఇనుము గట్టిగానే ఉంది. లోపలి రెక్కల చక్రం కూడా ఎక్కడా రాసుకోకుండా తిరిగింది. జోసెఫ్ తన చిన్న సుత్తితో పోత ఇనుము మీద తట్టి చెవి ఒగ్గాడు, కుండ కొనేవాళ్లు తట్టి చూసినట్టు.

"ఖంగుమంటున్నది. ఎక్కించెయ్ బిడ్డా."

హన్నాకు మనసొప్పలేదు. చెవికి అందని పగుళ్లుంటాయని ఆమెకు నేర్పింది ఆ మామగారే మరి. డీజిల్ పూసి, శుభ్రంగా తుడిచి, మొహానికి రాసుకునే పౌడరు చల్లింది.

"ఏమ్మా, టర్బోకి పెండ్లిచూపులా?" అన్నాడు మునిస్వామి.

తెల్లటి పౌడరు మీద వెంట్రుకంత తడిగీత మెల్లగా తేలింది. పోత పోసే అచ్చు అతుకు దగ్గర పడే గీతేమోనని ఆశపడి, మళ్లీ తుడిచి మళ్లీ చల్లింది. అచ్చు గీత పైపైనే ఉంటుంది, తుడిచాక డీజిల్ కక్కదు. ఇది కక్కింది. పోత పోసిననాడే లోపల మిగిలిన లోపం అది.

ఎన్నడూ తప్పని పెద్దాయన మాటను పరాయి మనిషి ముందు తానే కాదనాలి. నోరు మూసుకుంటే, రేపు అది దారిలో పగిలేనాటికి ఆ కారులో నలుగురుంటారు.

"ఇది వద్దు మామయ్యా. పగులున్నది."

మునిస్వామి ఆమెను వదిలేసి జోసెఫ్ వైపు తిరిగాడు. "మీరు చెప్పండి పెద్దాయనా. నాకు మీ మాటే మాట."

జోసెఫ్ టర్బోను ఒళ్లో పెట్టుకుని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. గీత ఆనలేదు. పౌడరు మీద వేలు పెట్టి రుద్దాడు. వేలికి తడి అంటింది. ఆ వేలినే చూసుకుంటూ ఉండిపోయాడు. హన్నా తలొంచుకుంది.

"నన్నేం అడుగుతవ్?" అన్నాడు చివరికి, సందు మొదట్లో టీ తాగేవాళ్లకు కూడా వినబడేలా. "షెడ్డు మా హన్నాది. ఆమె వద్దంటే వద్దే. ఇగ నేనైనా ఆమెను అడిగినంకనే మాటిస్త."

ఎవరినీ ముట్టనివ్వని సుత్తిని ఆమె చేతిలో పెట్టాడు. హన్నా దాన్ని రెండు చేతులా అందుకుంది.

మునిస్వామి కాసేపు తల గోక్కున్నాడు.

"ఇంగొకటి ఎప్పుడు దొరుకుతాదమ్మా?" అని ఈసారి హన్నానే అడిగాడు.