చెరువు తొవ్వలో వంటావార్పు

మన్సూరాబాద్ చెరువు తుంగలో నీటికోళ్ల గూళ్లకు యెహెజ్కేలు ఎవరూ నియమించని కాపలాదారు. “ఊరి బడిల అయిదు సదివిన, వంద ఉచ్చులు తెంపిన” అని మీసం దువ్వుతూ ఎదురైన వాళ్లందరికీ చెబుతాడు. తెలంగాణ బంద్ నాడు అడిగేవాడుండడని ఓ బిల్డరు ఆ తుంగ మీద మట్టి పోయించబోతున్నాడని అతని చెవిన పడింది. వెంటనే ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పుకు దిగిన ఉద్యమకారుల దగ్గరికి పోయి, “గీ ఎండల ఎందుకు మాడుతున్నరు తమ్మీ? చెరువు తొవ్వల సల్లటి నీడున్నది” అని పొయ్యిలన్నీ అక్కడికి మార్పించాడు. మట్టి లారీ వచ్చేసరికి దారికడ్డంగా పప్పు ఉడుకుతోంది. “బంద్ నాడు బండి తీస్తవా?” అని అందరూ గరిటెలతో లేచేసరికి డ్రైవరు వెనక్కి తిప్పాడు.

పిట్టల ఫొటోలు తీసే కోస్తా ఆయన త్రినాథరావు పరుగున వచ్చి, “గుడ్లు దక్కాయండీ! మరి రేపో?” అన్నాడు.

“పిల్లలయ్యేదాక ఇంకో వారం బంద్ గావాలె సారూ. మీరు గూడ జర అడుగుండ్రి.”

పొద్దున లేస్తే బంద్‌లను తిట్టే త్రినాథరావు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “జై తెలంగాణ” అన్నాడు.