గంటా ఐదు నిమిషాల దూరం

ఆ రోజుల్లో నన్నడిగితే చెప్పలేని విషయం ఉండేది కాదు. తెలిసిన విషయాలు మాత్రం కాస్త తక్కువ. డిగ్రీ అయిన కొత్తలో హైదరాబాద్ నాచారంలో ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరాను. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు నా బల్ల మీదే ఉండటంతో జ్ఞానం కూడా అక్కడే ఉందని అందరూ నమ్మేవారు (నేనూ అడ్డు చెప్పలేదు).

మా మెకానిక్‌ని పానా అన్న అనేవాళ్లం. ఉండేది ఉప్పల్‌లో. చెల్లెల్ని కడపలో ఇచ్చారు. ఆమె కూతురికి చెవులు కుట్టించాలి, అదీ మేనమామ ఒళ్లో. పాపకున్న మేనమామ ఈయనొక్కడే. సరిగ్గా ముందురోజు రాజమండ్రిలో మేం అమ్మిన యంత్రం మొరాయించింది. అన్న వెళ్లాడు. సాయంత్రం కడప రైలుకు బెర్తుంది గానీ పని తెమల్లేదు. అక్కణ్ణుంచే నాకు ఫోను చేశాడు.

"తమ్మీ, రైలు ఇడిసిపెట్టి పొద్దుగాల ఇమానంల పోతే అందుతనా? జర సూడు."

చూశాను. ఏదో వెబ్‌సైటులో రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టగానే నాలుగొందల చిల్లర కిలోమీటర్లు, గంటా ఐదు నిమిషాలు అంది.

"గంటే అన్నా! ముహూర్తం మూడింటికి కదా, భోజనానికే అక్కడుంటావ్."

"మరి టికెట్?"

"పొద్దున తీసుకోవచ్చులే."

ఉప్పల్ రింగురోడ్డు మీద నిలబడి, వచ్చిన వరంగల్ బస్సు ఎక్కుతూ పెరిగినవాణ్ణి. విమానానికీ అంతకంటే మర్యాద అక్కర్లేదనుకున్నాను. అన్న రైలు వదిలేశాడు.

మర్నాడు పదకొండింటికి ఎయిర్‌పోర్టు నుంచి ఫోను. "తమ్మీ, దూరమున్నది. నువ్వు జెప్పిన గంటా ఐదు నిమిషాలు గూడ ఉన్నయంట. ఇమానమే లేదంట."

వెబ్‌సైటు అబద్ధమాడలేదు. రెండు ఊళ్ల మధ్య గీత గీసి, విమానమంటూ ఎగిరితే ఎంతసేపో లెక్కగట్టింది. ఎగురుతుందా అని నేను అడగలేదు, అది చెప్పలేదు. హైదరాబాద్ మీదుగా వెళ్లినా ఆ రోజుకు అందడు.

"సారీ అన్నా..."

"నాకెందుకురా? నేను బస్సెక్కుతున్న. మా చెల్లెకు నువ్వే ఫోన్ జెయ్."

చేశాను. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది: "పొద్దట్నుంచి దండ పట్టుకొని సూస్తున్న. మా అన్న రైలెందుకు ఇడిసిపెట్టిండు?"

"నేను చెప్పానక్కా" అన్నాను. ఆ రెండు మాటలూ బయటికి రావడానికి పట్టిన సమయం ఏ వెబ్‌సైటులోనూ దొరకదు.

ముహూర్తం దాటకూడదని పెద్దలు పట్టుబడితే, తాత ఒళ్లో కుడిచెవి కుట్టనిచ్చి, చెవులు కుట్టే ఆచారి చెయ్యి పట్టుకుని ఆపేసిందట అక్క. "రెండోది మా అన్న ఒళ్లెనే." అత్తగారు అలిగినా, ఆచారి విసుక్కున్నా వినలేదట. మర్నాడు నలిగిన చొక్కాతో అన్న బస్సు దిగాకే ఎడమచెవి కుట్టించింది.

ఆ రెంటి మధ్యలో తీసిన పాప ఫోటో ఇప్పటికీ ఉప్పల్‌లో అన్న ఇంటి గోడ మీద ఉంది. బోసినవ్వు, ఒక్క చెవికే కమ్మ. రెండోది పడిపోయిందా అని వచ్చినవాళ్లు అడుగుతారు. అన్న నా వంక చూడడు. "లేదు, దార్ల ఉండె" అంటాడు.

ఇప్పుడెవరైనా పక్కనున్న ఘట్‌కేసర్ ఎంతదూరమని అడిగినా, బస్సుందో లేదో కనుక్కున్నాకే నోరు విప్పుతాను. అన్న ఇంటికి వెళ్తే మాత్రం ఆ గోడకు వీపు పెట్టి కూర్చుంటాను. ఎంత జాగ్రత్తగా కూర్చున్నా, ఎదురుగా ఉన్న బీరువా అద్దంలో కనబడుతూనే ఉంటుంది. అద్దంలో మాత్రం కమ్మ ఎడమచెవికి, అన్న ఒళ్లో కుట్టించిన చెవికి, ఉంటుంది. ఆ కాసేపు అన్న టైముకే చేరాడనుకుంటాను.