దొరబాబు గారికి ముంచుకొచ్చిన గెలుపు

మునిసిపల్ ఎన్నిక వచ్చిందంటే దొరబాబు గారు నిలబడేవారు. నిలబడ్డారంటే ఓడిపోయేవారు. కొందరికి పొడుం, కొందరికి పేకాట, ఆయనకిది.

రాజమండ్రికి పడవలో ఒక పూట ప్రయాణంలో, గోదావరి గట్టు మీద ఉండే వీరమ్మపేటకి మునిసిపాలిటీ వచ్చి అప్పటికి పన్నెండేళ్లు. తెల్లదొరలు నేర్పిన కొత్త ముచ్చట. మూడేళ్లకోసారి ఎన్నిక. ఇంటిపన్ను కట్టే మగవాళ్లకే ఓటు. రేవు వార్డులో అలాంటివాళ్లు అరవై ఒక్కరు. ఆ ఊళ్లో చీటీలూ పెట్టెలూ లేవు. తాసీల్దారు గారి ఎదట నిలబడి, నలుగురూ వినేలా పేరు చెప్పాలి. అంచేత ఓడినవాడికి తనని ఓడించినవాళ్ల మొహాలు ఒక్కొక్కటీ గుర్తుండిపోయేవి. దొరబాబు గారికి మాత్రం ఆ మొహాలంటే అదేమిటో వల్లమాలిన ప్రేమ. మొదటిసారి ఆయనకి నాలుగు ఓట్లు వచ్చాయి. ఆ తరవాత మూడు. ఆ తరవాత రెండు. ఓడిన ప్రతిసారీ పనసపొట్టు కూరతో భోజనాలు పెట్టించి, తనకి ఓటు వెయ్యనివాళ్ల విస్తళ్ల దగ్గరే ఆగి ఆగి నెయ్యి వడ్డించేవారు.

"గెలిచినాయన మజ్జిగ చుక్క పొయ్యలేదు. ఓడినందుకు మనం వండి వార్చడమేంటండీ?" అనేవారు ఆయన భార్య రత్నమాణిక్యం గారు.

"మనసు పెద్దది చేసుకోవాలి మాణిక్యం."

"నాకే ఓటుంటే ఆ గెలిచిన పల్లంరాజు గారికి ఇంకొకటి పెరిగేది."

"అప్పుడు నీకూ ఇంకో గరిటె నెయ్యి పడేది."

ఆ వచ్చిన రెండు ఓట్లలో ఒకటి ఆయనదే. రెండోది పడవలు కట్టే గంగరాజుది. గంగరాజు లెక్కలో మనుషులు రెండే రకాలు: చేసింది నీళ్లలో తేలేవాళ్లు, మునిగేవాళ్లు. దొరబాబు గారు చేసింది ఏదీ తేలగా అతను చూడలేదు. కొబ్బరితోట శిస్తు మీద బతికే మనిషి, చేతికి ఉలి తగిలి ఎరగడు. అయినా పసిపిల్లాడిలాంటి మనసని గంగరాజుకి ఆయనంటే జాలి. ప్రతిసారీ ఆయన పేరు ప్రతిపాదించేది అతనే.

ఇక ఆయన ఉపన్యాసాలు. బోర్లించిన పడవ మీద ఎక్కి మాట్లాడేవారు. కొట్ల వీధిలో తప్పు తూకాల గురించి గంటసేపు. బ్రాహ్మల వీధిలో శ్రాద్ధ భోజనాల ఖర్చు గురించి. జాలరిపేటలో అయితే చేపల కంపు గురించే. వార్డులో ఉన్న ఓట్లని ఏరి ఏరి మరీ పోగొట్టుకునేవారు.

"బాబుగారండి, మా ఇంటికొచ్చి మా కంపు మాకే సెప్తే ఓట్లెవరేత్తారండి?" అని జాలరి మరిడమ్మ ఒకసారి మొహం మీదే అడిగింది.

"ఎవరూ వెయ్యరా?"

"ఒక్కడూ ఎయ్యడండి."

"చాలా సంతోషం," అని దొరబాబు గారు పడవ దిగి వెళ్లిపోయారు. పాపం, ఆయనకి మతి కూడా పోతోందనుకున్నాడు గంగరాజు.

ఎదురు నిలబడేది ఎప్పుడూ ప్లీడరు పల్లంరాజు గారే. గెలిచేదీ ఆయనే. ఊరి చైర్మన్ ఆయన వియ్యంకుడు, ఊరి కంట్రాక్టరు ఆయన బావమరిది. ఓట్ల నెలలో తప్ప జాలరిపేట వైపు వచ్చేవారు కాదు. వచ్చినా ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకుని, దాని వెనక నుంచి నవ్వేవారు.

ఈసారి ఆయన రేవుకి రాతిమెట్లు ఇస్తానన్నారు. జాలరి ఆడవాళ్లు నిండు గంపలతో జారుడు గట్టు ఎక్కాలి. కిందటేడు మరిడమ్మ కోడలు జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. మొత్తం పన్నెండు మెట్లు. బావమరిది మనుషులు వచ్చి పైన ఆరు మెట్లు వేసి, మిగతా రాయి గట్టున పేర్చి ఆపేశారు. కింద ఆరూ గెలిచాక వేస్తారట. మరిడమ్మ దర్జాగా ఆరు మెట్లు దిగి, ఏడోదాని కోసం కాలు చాపి, గంపతో సహా బురదలో కూర్చుంది.

"మెట్లు కింద నుంచి కట్టాలి. ఓట్ల కోసం కట్టేవాళ్లే పై నుంచి కడతారు," అని గంగరాజు ఉమ్మేశాడు. ఆ కోపంలోనే అతనికి ఒక ఆలోచన తట్టింది. ఈసారి దొరబాబు గారిని గెలిపించాలి.

ఉపన్యాసాలు అతనికి చేతకావు. పని చేతనవును. పడవకి చెక్కలు ఏరినట్టు ఓట్లు ఏరాడు. పడవలున్న ప్రతివాడి గుమ్మంలోకీ వెళ్లి ఒక్కటే మాట అన్నాడు: "దొరబాబు గారి పేరు చెప్పు. లేదా ఈ వరదలకి నీ పడవ కారితే నా గడప తొక్కకు." కొట్ల వీధివాళ్ల సరుకంతా వచ్చేది పడవల్లోనే. వాళ్లకీ అదే మాట. రెండో మాట ఎవరితోనూ అవసరం పడలేదు.

ఎన్నికనాడు చావడి కిటకిటలాడింది. మధ్యాహ్నానికి చెరి ఇరవై రెండు. పల్లంరాజు గారు కుర్చీలో చెమట తుడుచుకుంటున్నారు. అప్పుడే తాంబూలం నములుతూ హుషారుగా వచ్చిన దొరబాబు గారు ఆ లెక్క విని, నమలడం మానేశారు. గంగరాజు రెక్క పట్టుకుని చావడి వెనక్కి లాక్కెళ్లారు.

"ఎవడు చేశాడ్రా ఈ పని?"

"ఆయ్, నేనేనండి." గంగరాజు సిగ్గుపడ్డాడు.

"నన్ను ముంచేశావు కదరా!"

"లేదండి, గెలుస్తారండి."

"మునగడమంటే అదేరా! కింద ఆరు మెట్లూ ఎవరు వేస్తారు?"

"మీరు గెలిచి..."

"నేను గెలిచి ఏం చేస్తాను? మాట్లాడతాను. కౌన్సిల్లో మాట్లాడేవాళ్లు ఇప్పటికే పదకొండు మంది ఉన్నారు. ఆయన ఓడిన మర్నాడే బావమరిది ఆ రాయి బండెక్కిస్తాడు. ఒరే, మీ పేటలో వీధి దీపం ఎప్పుడొచ్చింది?"

"మీరు మొదటిసారి నిలబడ్డప్పుడండి."

"నూతికి గట్టు?"

"రెండోసారండి."

"నేను చలిజ్వరంతో పడుకుని నిలబడని ఏడు?"

గంగరాజు ఆలోచించాడు. "ఏమీ రాలేదండి. ప్లీడరు గారే రాలేదు."

"పోటీ లేనివాడు గుమ్మం దిగడు గంగరాజూ. నేను నిలబడితే దిగుతాడు. నేను గెలిస్తే మళ్లీ ఎక్కేస్తాడు. ఎంత కష్టపడి ఓడిపోతున్నానో నీకేం తెలుసు? నలుగుర్ని తిట్టి, రెండు ఓట్ల దాకా దిగాను!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ?"

"నీ మనసులో ఉన్నదంతా నీ మొహం మీదే ఉంటుంది. పల్లంరాజు ప్లీడరు, మొహాలు చదివి బతికేవాడు."

చేతిపనిలో గంగరాజు తప్పు చెయ్యడం అదే మొదలు. ఇద్దరూ వీధి చివరికి పరుగెత్తి, ఓటుకి వస్తున్న జాలరి బుల్లియ్యకి అడ్డం పడ్డారు.

"బుల్లియ్యా, నాకు వెయ్యకు బాబూ!" అని దొరబాబు గారు చేతులు జోడించారు.

"అదేంటండి? గంగరాజుకి మాటిచ్చానండి."

"ఆ మాట నేను వెనక్కి ఇచ్చేశానురా," అన్నాడు గంగరాజు.

"ఇచ్చిన మాట ఎనక్కి పుచ్చుకోడానికి నేనేమైనా ప్లీడర్నేంటి?" అని బుల్లియ్య వాళ్లని పక్కకి జరిపి, చావడిలోకి వెళ్లి, ఊరంతా వినేలా "దొరబాబు గారండి!" అని అరిచాడు.

అతని వెనకాల వచ్చినవాళ్లూ అంతే. గంగరాజు బిగించిన పని ఊడదీయడం గంగరాజు వల్ల కూడా కాలేదు. పొద్దు వాలేసరికి చెరి ముప్ఫై. మిగిలింది ఒక్క దొరబాబు గారు.

"రండి," అన్నారు తాసీల్దారు గారు నవ్వుతూ. "మీ పేరు మీరు చెప్పుకోవడం తప్పేమీ కాదు."

పల్లంరాజు గారు కళ్లు మూసుకున్నారు. గంగరాజు కూడా మూసుకున్నాడు.

"పల్లంరాజు గారు," అన్నారు దొరబాబు గారు.

కలం ఆగిపోయింది. "ఎవరండీ?"

"అరుగో, కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చున్నారే, ఆయన."

చావడి గొల్లుమంది. గుమ్మంలో నిలబడ్డ మరిడమ్మ గంప నేలకేసి కొట్టింది. "మా మగాళ్ల సేత ఓట్లేయించుకుని, మీ ఓటు ఆయనకేత్తారా? మీకేం మాయరోగమండి బాబూ!" దొరబాబు గారు తల వంచుకుని ఆ తిట్లన్నీ పడ్డారు. గంగరాజు ఏదో చెప్పబోతే కాలు తొక్కారు.

ఒక్క ఓటుతో గట్టెక్కిన మనిషికి నిద్ర పట్టదు. తెల్లారేసరికి పల్లంరాజు గారు రేవులో ఉన్నారు. ఉత్తరీయం ముక్కు మీద లేదు, నడుముకి ఉంది. బావమరిది మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి కూలీలకి రాయి అందిస్తున్నాడు. గంగరాజు బద్ద పట్టుకుని, అడుగు మెట్టు దగ్గర మట్టం చూస్తున్నాడు.

"కింద నుంచే రావాలండి. ఆ పైన ఆరూ కూడా ఊడదీసి మళ్లీ వెయ్యాలి," అన్నాడు.

"అలాగే, అలాగే. మరిడమ్మా, మెట్టు ఎత్తు సరిపోయిందా? వచ్చే ఎన్నికల్లోపు ఇంకేమైనా కావాలా?"

ఇరవై ఏళ్లుగా చేపలమ్ముతున్నా ప్లీడరు గారి నోట తన పేరు వినడం మరిడమ్మకి అదే మొదలు. కంగారులో ఏమడగాలో తోచక, చేపల బజారుకి పందిరి అడిగింది. ఆయన వెంటనే ఒప్పుకున్నారు.

పనులు చూడ్డానికి దొరబాబు గారు గట్టు మీదికి వచ్చారు. పల్లంరాజు గారు ఆయన్ని పక్కకి తీసుకెళ్లారు. గొంతు తగ్గించారు.

"రాత్రంతా ఆలోచించానండి. లా పుస్తకాలు కూడా తిరగేశాను. అంతు చిక్కలేదు. చేతికందిన గెలుపు వదిలేసి, ఓటు నాకెందుకేశారు?"

దొరబాబు గారు తాంబూలం నోట్లో వేసుకున్నారు.

"నాకు వేరే దారి లేకపోయిందండి," అన్నారు. "మీకు ఎదురు నిలబడ్డవాడి సంగతి నాకు బాగా తెలుసు. వట్టి మాటల మనిషి."