కళ్లు మూసుకుని కూతుర్ని తిట్టిన నాకు ప్రభువిచ్చిన విడుదల

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా! రోగం నయమైతే సాక్ష్యం చెబుతాం, తాగుడు మానితే చెబుతాం, ఉద్యోగం వస్తే చెబుతాం, కానీ నా నోరు నాకు లోబడిందని ఎవరైనా నిలబడి చెప్పగా నేను వినలేదు, బహుశా అది జబ్బని మనకు తెలియకపోవడం వల్లనేమో! నాకున్న జబ్బు అదే. ఎదిగే పిల్లలున్న తల్లులు కొందరు ఈ మధ్య “రూతక్కా, మీ అమ్మాయి నీతో అన్నీ చెబుతుందట కదా, ఎలాగక్కా?” అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబితే అది నాలుగు నోళ్లు తిరిగి వేరేగా తయారవుతుంది, మాట ఎలా తిరుగుతుందో, తిరిగి ఎవరికి తగులుతుందో నేను చూశాను, అందుకే అంతా ఒకచోట రాసి మన సంఘ పత్రికకు ఇస్తున్నాను. ఇది నా కూతురు కెజియా సంగతి కూడా కాబట్టి ముందు తనకే ఇచ్చి చదవమన్నాను. రెండు చోట్ల కొట్టేసి, మిగతాది వేసుకోవచ్చు అంది. కొట్టేసినవేమిటో దయచేసి నన్ను అడగవద్దు.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్లయి బీర్‌గావ్ వచ్చాను, మా ఆయన దానియేలు ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లులో పని చేస్తారు. నేను పదో తరగతి వరకు తెలుగులో చదివాను, ఇక్కడికొచ్చాక షాపుల బోర్డులు కూడబలుక్కుంటూ హిందీ చదవడం నేర్చుకున్నాను. చీరలకు ఫాల్ కుట్టి పండరీ మార్కెట్లో ఒక దుకాణానికి ఇచ్చి వస్తుంటాను, ఆ దారిలోనే లైబ్రరీ ఉంది, దేవుడు నాకు పెట్టిన కాలేజీ అదే! పిల్లల పెంపకం మీద అక్కడున్న హిందీ పుస్తకాలన్నీ చదివాను, కొన్ని రెండోసారి కూడా చదివాను. పసిపిల్ల మారాం ఎందుకు చేస్తుందో, పన్నెండేళ్ల పిల్ల అద్దం ముందు అంతసేపు ఎందుకు నిలబడుతుందో, పదిహేనేళ్ల పిల్లకు తల్లి మాట ఎందుకు చేదవుతుందో నాకు తెలుసు. మా వీధి తల్లులకు అన్నీ విడమరిచి చెప్పేదాన్ని. ఇంత తెలిసిన నేను నా ఇంట్లో ఏం చేశానో వినండి.

మా ఇంట్లో సాయంత్రం భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. కెజియాను నేను కొట్టను, అరవను, పిల్లల మీద అరవకూడదని చదువుకున్నదాన్ని కదా! అందుకని పగలంతా నోరు బిగపట్టుకుని, సాయంత్రం కళ్లు మూసుకుని దేవునికి చెప్పేదాన్ని. “పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ బిడ్డ లేవగానే నీ ముఖం చూడకుండా ఫోను ముఖం చూస్తోంది తండ్రీ, లెక్కల్లో వచ్చిన మార్కులు నీవెరుగుదువు ప్రభువా, తల్లికి ఎదురు చెప్పే ఆ నాలుకను ముట్టు నాయనా!” ఇలా సాగేది. పిల్ల లేచి వెళ్లడానికి లేదు, జవాబు చెప్పడానికి లేదు, ప్రార్థన కదా! చివర ఆమెన్ కూడా తనే అనాలి. మా ఆయన మాత్రం అప్పుడప్పుడు “రూతూ, పరలోకానికి పోయింది చాల్లే, కూర చల్లారిపోతంది” అనేవారు.

కెజియా తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు తన వంతు ప్రార్థన వచ్చింది. కళ్లు మూసుకుని, నెమ్మదిగానే అంది: “యేసయ్యా, మమ్మీకి నాతో ఏమైనా చెప్పాలనుంటే డైరెక్ట్‌గా నాకే చెప్పమను. మధ్యలో నిన్ను పరేషాన్ చేయడం ఎందుకు. ఆమెన్.”

మా ఆయనకు నవ్వాగక దగ్గు వచ్చింది. నాకు మాత్రం ఒళ్లు మండింది సహోదరులారా, దేవుని దగ్గర వెటకారమా అనుకున్నాను! ఆ వారం స్త్రీల కూడికలో నిలబడి ప్రార్థన మనవి చెప్పాను. నా కూతురు ప్రార్థనను ఎగతాళి చేస్తోందని చెప్పాను, చెప్పి ఊరుకోలేదు, తన ఫోన్‌లో ట్యూషన్ అబ్బాయి ఎవడిదో పేరు కనిపించిందని, నాకు భయంగా ఉందని కూడా చెప్పాను. అందరూ అయ్యో అన్నారు, నాకు మనసు తేలికైంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ, ప్రేమతోనే, యవ్వనస్థుల గుంపులో నిలబడి ఉన్న నా కూతురి తల మీద చెయ్యి పెట్టి గట్టిగా “నీ కోసం ఉపాసం ఉంటన్నానమ్మా, ఆ కుర్రోణ్ణి మర్చిపో” అంది.

కెజియా నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది, కోపం లేదు, ఓహో నువ్వా అన్నట్టు చూసింది.

ఆ తర్వాత నా కూతురు నాతో తెలుగులో మాట్లాడటం మానేసింది. అవసరమైతే హిందీలో, అది కూడా హా, నహీ, ఠీక్ హై, అంతే, అద్దెకున్న వాళ్లతో మాట్లాడినట్టు! గుడికి రానంది. సరిగా తినేది కాదు. ట్యూషన్ రోజున తలనొప్పి అనేది. ఏమైందని అడిగితే “కుచ్ నహీ” అనేది. ఏదో ఉందని నాకు తెలుస్తోంది, అదేమిటో తెలియడం లేదు, అడిగే హక్కు నేనే పారేసుకున్నాను. లైబ్రరీకి పరుగెత్తి ఇంకా పుస్తకాలు తిరగేశాను, స్త్రీల కూడికలో ఇంకా మనవులు చెప్పాను.

పాస్టరమ్మ సువార్తమ్మ గారు ఒకరోజు మధ్యాహ్నం మా ఇంటికి వచ్చారు. ఆమె గొంతు వినగానే కెజియా బాత్‌రూంలోకి వెళ్లి గడియ వేసుకుంది. సువార్తమ్మ గారు ఆ మూసిన తలుపు చూశారు, నన్ను చూశారు. టీ తాగి, వెళ్లేటప్పుడు గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని అన్నారు: “రూతమ్మా, ఈసారి కూడికలో నీ గురించి మనవి చెప్పు. అమ్మాయి గురించి చెబితే నేను కూర్చోబెట్టేస్తాను.” నాకు చెంప మీద కొట్టినట్టయింది.

తర్వాత పండరీలో చీరలిచ్చి లైబ్రరీకి వెళ్లాను. ఇదివరకు చదివిన పుస్తకమే తీశాను. పిల్లల తప్పులు పరాయివాళ్ల ముందు చెప్పుకోకూడదు, వాళ్లు మళ్లీ మనల్ని నమ్మరు అని అందులో ఉంది. ఈ ముక్క నేనే మా వీధిలో ఎందరికో చెప్పాను! కూడికలో సహోదరీల ముందు చెప్పడం ఈ లెక్కలోకి రాదనుకున్నాను, దేవుని పని కదా అనుకున్నాను. ఉన్నపళంగా ఏడుపొచ్చింది, “ప్రభువా!” అని గట్టిగా అనేశాను. అక్కడ పుస్తకాలు చూసుకునే రామేశ్వర్ భయ్యా కుర్చీలోంచి వేలు పెదవుల మీద పెట్టుకుని “దీదీ, యహాఁ ఆవాజ్ నహీ” అన్నారు, అంటే ఇక్కడ చప్పుడు చేయకూడదని.

మీకు తెలుసు కదా, మనం నోరారా ప్రార్థించే వాళ్లం. నోరు తెరవకుండా ప్రార్థించడం నాకు రాదు. అయినా తల వంచుకుని మనసులోనే మొదలుపెట్టాను, ప్రభువా కెజియా ఫోను, కెజియా మార్కులు, అని. ముందుకు సాగలేదు! వినేవాళ్లు ఎవరూ లేనప్పుడు నా కూతురి తప్పులు చెప్పబుద్ధి కాలేదు. ఆయనకు తెలియనివా అవి? మరి ఇన్నాళ్లూ ఎవరికి చెప్పాను? కూతురికి వినపడాలని చెప్పాను, సహోదరీలు అయ్యో అనాలని చెప్పాను, ఆయన పేరు అడ్డం పెట్టుకున్నాను. గది తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని ప్రభువు ఎందుకన్నాడో చదువు గర్వం ఉన్న నాకు అప్పటిదాకా అర్థం కాలేదు. తప్పుల జాబితా అయిపోయాక నా లోపల ఒక్క భయం మిగిలింది. మన భాష కాని ఈ ఊళ్లో నా పిల్ల నా చెయ్యి జారిపోతుందేమో అన్న భయం. ఆ భయం ఆయన దగ్గర పెట్టాను. లేచేసరికి మాట్లాడాలన్న ఆత్రం తగ్గింది, దేవునికే మహిమ!

ఇంటికొచ్చి కెజియాకు డైరెక్ట్‌గానే చెప్పాను. “నీ సంగతి అందరి ముందు పెట్టడం నాది తప్పమ్మా. ఇంకెప్పుడూ పెట్టను.” తను పుస్తకంలోంచి తలెత్తకుండా “ఠీక్ హై” అంది. అంతే! ఏడ్చి కౌగిలించుకుంటుందని నేను అనుకున్నాను, నిజమే చెబుతున్నాను. ఆ రోజు నుంచి కుటుంబ ప్రార్థన మా ఆయనకు అప్పగించాను. ఆయన ప్రార్థన ఏమిటంటే, “ప్రభువా, అన్నానికి స్తోత్రం, పిల్లకి స్తోత్రం, రూతుకి స్తోత్రం, ఆమెన్.” కూర వేడిగా తినడం మొదలుపెట్టాం.

కూడికలో “కెజియా గురించి మనవి ఉందా?” అని అడిగితే “నా నోటి కోసం ప్రార్థించండి” అన్నాను. నవ్వారు, కానీ ప్రార్థించారు. ఇంట్లో నేను ఏమీ అడగలేదు. అది ఎంత కష్టమో తల్లులకు తెలుసు! పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ముడుచుకుపోతారని, పక్కపక్కన పని చేస్తుంటే విప్పుతారని చదివాను కదా, చీర ఒక కొస తన ముందు పెట్టి ఫాల్ కుట్టమనేదాన్ని. వారాలు గడిచాయి. తను కుట్టేది, మాట్లాడేది కాదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, తల వంచుకుని సూది లాగుతూనే, తెలుగులో అంది: “మమ్మీ, ఒకటి చెప్తా. ప్రేయర్ రిక్వెస్ట్ చెయ్యకు.”

ఆ ట్యూషన్ అబ్బాయి తనకు మెసేజ్‌లు పెడుతున్నాడు. వద్దంది. అయినా ఆపలేదు. తనతో మాట్లాడకపోతే తమ ఇద్దరి మధ్య ప్రేమ ఉందని అందరికీ చెబుతానని బెదిరించాడు. ఎవరూ నమ్మరని కెజియా అంటే, వాడు ఏమన్నాడో వినండి సహోదరులారా: “మీ మమ్మీయే చర్చిలో చెప్పిందంట కదా.” మన యవ్వనస్థుల్లో ఒకరిద్దరు అదే ట్యూషన్‌కు వెళ్తారు, మాట అలా చేరింది. వాడి చేతిలో కర్ర పెట్టింది నేనే! స్కూల్ కూడా మానేద్దామనుకున్నానని నా బిడ్డ చెప్పింది.

నా నోటి దాకా ఎన్ని వచ్చాయో! వాణ్ణి తిట్టాలని, ముందే ఎందుకు చెప్పలేదని, ఇప్పుడే మోకరిద్దాం రా అని. ప్రభువా పట్టుకో, పట్టుకో అని లోపల అనుకున్నాను, ఆయన నా నోరు పట్టుకున్నాడు! అప్పుడు “నేనేం చెయ్యాలమ్మా?” అని అడిగాను.

“నాన్నకి చెప్పు. నాన్నకొక్కడికే. తర్వాత పుష్పా మేడమ్ దగ్గరికి నాతో రా. కానీ నువ్వు మాట్లాడొద్దు. నేను మాట్లాడతా.”

అలాగే వెళ్లాం. ట్యూషన్ చెప్పే పుష్పా మేడమ్ ముందు మెసేజ్‌లు చూపించి నా కూతురే మాట్లాడింది. నేను పక్కన కూర్చుని తన భుజం మీద చెయ్యి వేశాను, తను తీసేయలేదు. మేడమ్ ఆ అబ్బాయి తల్లిదండ్రుల్ని పిలిపించారు. వాడు అందరి ముందు ఒప్పుకున్నాడు, మెసేజ్‌లు ఆగిపోయాయి. కూడికలో నేను లేచి, కెజియా పేరుకు ఆ అబ్బాయి పేరు కలిపి నేను తెలియకుండా అన్న మాట తప్పు అని మాత్రం చెప్పి కూర్చున్నాను, ఇంకేమీ చెప్పలేదు.

ఇప్పుడు కెజియా కాలేజీలో ఉంది. ఫోను ఇంకా చూస్తుంది, నాకు ఇంకా ఎదురు చెబుతుంది, గుడికి కొన్ని ఆదివారాలు వస్తుంది, కొన్ని రాదు. రాని రోజున నేను అడగను. ఏమైనా జరిగితే మాత్రం ముందు నా దగ్గరికే వస్తుంది, నాకు అది చాలు! ప్రియమైన తల్లులారా, తండ్రులారా, పుస్తకాలు చదవండి, తప్పకుండా చదవండి, నేను ఇంకా చదువుతున్నాను. కానీ మీ బిడ్డ మాట మీ దగ్గర ఆగేలా చేయమని దేవుణ్ణి అడగండి. బిడ్డ సంగతి ఆయనకు వదిలిపెట్టి చూడండి, ఆయన నమ్మదగినవాడు.

గుమ్మంలో నిలబడి నాకు నిజం చెప్పిన సువార్తమ్మ గారికి, వేరే నమ్మకం వారైనా తెలియకుండానే నాకు ప్రార్థన నేర్పిన రామేశ్వర్ భయ్యాకు, నా కూతురు చెప్పేదంతా మధ్యలో ఆపకుండా విన్న పుష్పా మేడమ్‌కు, చిన్న ప్రార్థనలు చేసే నా భర్త దానియేలు గారికి వందనాలు. అందరికంటే ఎక్కువగా నా కెజియాకు వందనాలు. చెప్పకుండా ఉండిపోవడానికి నేనే తనకు కారణమిచ్చాను. అయినా చెప్పావు తల్లీ.