సుగుణ మేడమ్ పెట్టిన షరతు

మొన్న అమీర్‌పేట స్టేషన్లో మెట్రో మారుతుంటే పక్కన నిలబడ్డ పెద్దావిడ కణతలకు తలనొప్పి బామ్ రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. వెనకవాళ్లు విసుక్కుంటూ తోసుకుపోయారు. నాకు పంజాగుట్టలో టిఫిన్ సెంటర్ పైన ఉన్న ఇరుకు గది, ఫైళ్ల వెనక కూర్చుని రోజుకు మూడుసార్లు బామ్ రాసుకునే సుగుణ మేడమ్ గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్లయింది. కష్టపడి మిగుల్చుకున్న డబ్బు ఎక్కడ దాచుకోవాలో, ఏ బీమా తీసుకోవాలో జనానికి చెప్పడం ఆవిడ వృత్తి. నాకు ఆ వృత్తి నేర్పిందీ ఆవిడే. నేర్పిన దాంట్లో సగం అలసటేనని ఇప్పుడనిపిస్తుంది.

నేను తెనాలి నుంచి వచ్చి, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఉంటూ, రెండు కంప్యూటర్ కోర్సులు చేసి, ఏ ఉద్యోగమూ రాక చతికిలబడ్డవాణ్ణి. పేపర్లో చిన్న ప్రకటన చూసి ఆవిడ దగ్గరికి వెళ్లాను. "లెక్కలొస్తయా అని అడగను ప్రసాద్. మెట్లెక్కనీకి ఓపికుందా?" అన్నారు. ఉందన్నాను. ఎంత కావాలో అప్పటికి నాకు తెలియదు. ఆవిడ మెదక్ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి. క్లయింట్లు ఆఫీసుకు రాలేకపోతే తానే వాళ్ల ఇళ్లకు వెళ్లేవారు, లిఫ్టు లేని ఇళ్లకు మరీ ముందుగా వెళ్లేవారు. మూడో అంతస్తు దాకా ఎక్కి, "జర కూసోనియ్యి బిడ్డా" అంటూ గడపలోనే కూలబడేవారు.

ఆవిడకొక షరతుండేది. వచ్చిన రోజే ఎవరి దగ్గరా సంతకం తీసుకోరు. ఆ మనిషికి ఏమన్నా అయితే డబ్బు ఎవరి చేతికి రావాలో, ఆ నామినీని వెంట తీసుకురావాలి. ఎదురు కుర్చీ నామినీది, పాలసీ తీసుకునే పెద్దమనిషికి పక్కన స్టూలు. ఒకసారి ఒక లెక్చరర్ భార్యతో వచ్చారు. మేడమ్ అరగంట వివరించి, "ఇప్పుడు మీరు నాకు చెప్పుండ్రి అమ్మా" అని ఆమెను అడిగారు. "అవన్నీ ఆయనకే తెలుసండీ" అని ఆమె నవ్వేసింది. "ఆయన లేనినాడే కదమ్మా దీంతోని పని" అంటూ మేడమ్ ఫైలు మూసేశారు. లెక్చరర్ గారు ముఖం కందగడ్డలా చేసుకుని మెట్లు దిగారు, ఆ సాయంత్రమే వేరే ఏజెంటు దగ్గర సంతకం పెట్టారు. "ఇలా అయితే మనం అద్దె కట్టినట్టే మేడమ్" అని గొణిగాను. "పోనియ్యి. రేపు ఏమన్నయితే మళ్ల మన మెట్లే ఎక్కుతరు. అప్పుడు సుత మనమే చూడాలె" అన్నారు. ఆ మాటలో గర్వం లేదు, ఒట్టి విసుగుంది.

నాలుగేళ్లలో ఆ షరతు నాకు ఒంటబట్టింది. అప్పుడొచ్చాడు నర్సింగ్. మధురానగర్‌లో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసేవాడు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకు గ్రీజు కూడా పోలేదు. "అన్నా, పెండ్లిగాక ముందు తీస్కున్న పాలసీ ఇది. మా అన్న పేరుంది. ఇప్పుడు సరిత పేరు పెట్టాలె" అన్నాడు. ఒక ఫారం, దాని మీద ఒక సంతకం, అంతే పని. దానికి భార్య పక్కన ఉండాలని ఏ రూలూ లేదు. కానీ నేను మేడమ్ శిష్యుణ్ణి కదా! "ఆవిణ్ణి కూడా తీసుకురండి, వివరంగా చెప్తాం" అన్నాను, పెద్ద తెలిసినవాడిలా. "సరే అన్నా, మంగళారం తీస్కొస్త" అని వెళ్లిపోయాడు. శనివారం ఒక అపార్ట్‌మెంట్ బయటి గోడకు ఏసీ బిగిస్తూ జారిపడ్డాడు. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు.

వెళ్లి మేడమ్‌కు జరిగింది చెప్పాను. "ఫారం ఇక్కడనే ఉండె కదా. సంతకం ఎందుకు తీస్కోలే?" అన్నారు. "మీరే కదా మేడమ్..." అని ఆగిపోయాను. అప్పుడు నేనొక పాడు మాట అన్నాను. అతని సంతకం పాత కాగితాల మీద ఉంది, చూసి పెట్టడం కష్టం కాదు, తేదీ వెనక్కి వేస్తే సరిపోతుంది అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు. "చచ్చిపోయినోనితోని సంతకం పెట్టిస్తవా ప్రసాద్?" అని మాత్రం అడిగారు. ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

నర్సింగ్ అన్న సత్తయ్య లక్డీకాపూల్‌లో ఒక హోటల్ ముందు కార్లు పెట్టించే పని చేసేవాడు. మేడమ్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, దాచకుండా చెప్పారు: "మీ తమ్ముడు పేరు మార్చనీకె వచ్చిండు. తప్పు మాది, మేమే తిప్పి పంపినం." సత్తయ్య చెడ్డవాడేమీ కాదు. "అమ్మా, అయ్య పోయినంక వాణ్ణి సాదింది నేను. వాడే నా పేరు రాసిండు" అన్నాడు. కోర్టుకు వెళ్తే సరితకు హక్కు దక్కవచ్చు. చంకలో ఏడాది పిల్లతో కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఆమెకెక్కడిది? అందుకని మేమే తిరిగాం. ఆ ఎండాకాలమంతా పని ముగించుకుని లక్డీకాపూల్ వెళ్లడం, అతను డ్యూటీ దిగేదాకా ఫుట్‌పాత్ మీద నిలబడటం, అదే మాట మళ్లీ చెప్పడం. మేడమ్ బతిమాలలేదు, బెదిరించలేదు. చివరికి అతను సగం సరితకిచ్చాడు. మిగతా సగం ఇవ్వలేదు.

ఆ సగం వచ్చిందని చెప్పడానికి సరిత గదికి వెళ్లాం. ఆమె డబ్బు సంగతి అడగనే లేదు. "ఆయన మీ దగ్గరికి వచ్చిన దినమే నన్ను రమ్మన్నడు మేడమ్. పిల్లకు జరముండె, తర్వాత పోదాం తియ్ అన్న. నేను వచ్చి ఉంటే అయిపోతుండె" అంది. అన్నాళ్లూ సరిత తన తప్పే అనుకుంటూ బతికింది! మేడమ్ ఆమె చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు రావాల్సిన పనే లేకుండె బిడ్డా. వచ్చుడు అవసరమే లేదు. ఆయన ఒక్కడొచ్చినా సంతకం అయిపోతుండె. అది మేము పెట్టిన తిప్పలు. నీది కాదు, నాది" అన్నారు. సరిత అప్పుడు ఏడ్చింది, గట్టిగా, పిల్ల ఉలిక్కిపడి లేచేంతగా.

మర్నాటి నుంచి మా ఆఫీసులో సంతకం ముందు, వివరించడం తర్వాత. ఆ వారంలోనే ఇంటికెళ్లి నామినీకి చెప్పి రావాలి. పని రెట్టింపయింది, ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు నావీ అరుగుతున్నాయి. అయినా పోయిన నెల నా వల్ల ఒక కాగితం ఆలస్యమైతే, నాలుగో అంతస్తు ఎక్కి, తలుపు తీసిన ఆవిడతో మీ తప్పేం లేదమ్మా, నాదే అని చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నోటికి తేలిగ్గా రాదు. కానీ అది విన్నాక ఆవిడ తలుపు పట్టుకుని మెల్లగా ఊపిరి వదిలింది.