మాటలు వాపసు తీసుకోబడును

కొత్త గుడ్డ తాను విప్పగానే వచ్చే గంజి వాసన తగిలితే నాకు ఇంగ్లీషు పాఠం గుర్తొస్తుంది. మొన్న మదనపల్లెలో జాకెట్టు గుడ్డ కొంటూ బేరం మరిచిపోయి నవ్వుకుంటూ నిలబడ్డాను. కొట్టతను వింతగా చూశాడు. జరీనా ఆపా దగ్గర నేను పనిచేసిన సంగతి అతనికేం తెలుసు!

ఆపాది పుంగనూరులో మ్యాచింగ్ సెంటర్. చీరకు తగ్గ జాకెట్టు గుడ్డ, లంగా, ఫాల్ అమ్మే చిన్న కొట్టు. డిగ్రీ అయ్యాక రెండేళ్లు నేనక్కడే ఉన్నాను. మాది చౌడేపల్లె దగ్గర పాడి ఇల్లు. పొద్దున్నే పాలు పోసి బస్సెక్కేదాన్ని. టీచరు కావాలని నా కోరిక. కానీ రెండు బడుల్లో ఇంటర్వ్యూకు వెళ్లి మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాను. ఇంగ్లీషులో ఒక్క మాట తప్పు దొర్లితే చాలు, ఇక నోరు పెగిలేది కాదు. తెలుగులో ఇంత వాగుడుకాయను, అక్కడ మూగదాన్నైపోయేదాన్ని. మూడో పిలుపు కుప్పం నుంచి వచ్చింది. ఇదీ పోతే ఇంట్లో ఇంకోసారి పంపరు.

ఆపా పదో తరగతి దాకా కాన్వెంటులో చదివింది, రోజూ ఇంగ్లీషు పేపరు చదివేది. నా గోడు విని, మిగిలిపోయిన గుడ్డముక్కల డబ్బా ముందేసుకుని, ఒక్కో ముక్క మీద సుద్దతో ఒక్కో ఇంగ్లీషు మాట రాసింది. జోడీలు కలపమంది. నేను 'బిగ్' తీసి 'రెయిన్' పక్కన పెట్టాను. తెలుగులో పెద్ద వానే కదా. ఆపా నీలం చీర ఒకటి, నీలం గుడ్డ ఒకటి ట్యూబులైటు కింద పరిచింది. చక్కగా కలిశాయి. తర్వాత రెండింటినీ వీధిలోకి తెచ్చింది. ఎండలో చూస్తే దేని దారి దానిది.

"సూసినావా బేటీ? కొట్లో కలిసినట్టే ఉండాది. మాటా అంతే. బయట జనం యాడ, ఎట్ల వాడతాండారో ఆడ పెట్టి సూడాల," అంటూ పేపర్లో వాన వార్త చూపించింది. 'హెవీ రెయిన్' అని ఉంది.

"పెద్దది అంటే యాల తప్పు ఆపా?"

"ఎర్రంచు చీరకు పచ్చ జాకెట్టు యాల బాగుంటాదో నువ్వు చెప్పగలవా? ఆ జోడీ అట్ల కుదిరింది. అలవాటు చేసుకోవాల."

ఆ రోజు నుంచి కొట్టంతా జోడీలే. టీ వస్తే 'స్ట్రాంగ్ టీ', ఆపా బీపీ మాత్ర వేసుకుంటే 'టేక్ మెడిసిన్', సాయంత్రం నేను పరుగెడితే 'క్యాచ్ ద బస్'. "ఈడ గుడ్డలమ్ముతారా, ట్యూషన్ చెప్తారా?" అని కొనడానికొచ్చిన ఒకావిడ అడగనే అడిగింది. రెండూనని ఆపా గర్వంగా చెప్పింది.

ఓ రోజు తప్పు పలికి నేను బిక్కమొహం వేశాను. ఆపా గోడ మీది బోర్డు చూపించింది. 'కోసిన గుడ్డ వాపసు తీసుకోబడదు' అని ఉంటుంది దాని మీద.

"అది గుడ్డకేనమ్మా. తప్పు మాట ఇచ్చినావా, నవ్వతా వాపసు తీసుకో. సరైంది ఇయ్యి. గిరాకీ యాడికీ పోదు."

కుప్పంలో హెడ్‌మిస్ట్రెస్, ఇంకో ఇద్దరు ఎదురుగా కూర్చున్నారు. పాత పనిలో ఏం నేర్చుకున్నావని అడిగారు. "వన్స్ ఐ డిడ్ ఎ మిస్టేక్," అనేశాను. అనగానే తెలిసిపోయింది. 'మేక్' ముక్కకు 'మిస్టేక్' ముక్కను ఎన్నిసార్లు కలిపానో! మూడో ఉద్యోగమూ పోయిందనుకున్నాను. అప్పుడు ఆ బోర్డు కళ్లముందుకొచ్చి, ఎక్కడలేని నవ్వు వచ్చింది. ఆ మాట వాపసు తీసుకుంటానని ఇంగ్లీషులోనే చెప్పి, "ఐ మేడ్ ఎ మిస్టేక్," అని సరిచేసి, ఆ ఊపులో కొట్టు కథంతా చెప్పేశాను. ముగ్గురూ నవ్వారు. ఆ గుడ్డముక్కలు మా పిల్లలకూ తెస్తావా అని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది.

ఇప్పటికీ అదే బడిలో ఉన్నాను. నా తరగతి గోడ మీద 'ఇక్కడ మాటలు వాపసు తీసుకోబడును' అని రాసిపెట్టాను. పోయిన ఏడాది ఆపా చూడటానికి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఒక పిల్ల లేచి చదువుతూ తప్పు పలికి ఆగిపోయింది. నేను మాట అందివ్వబోయాను. ఆ పిల్ల గోడ వైపు చూసి, ఫక్కున నవ్వి, సరైన మాట చెప్పి చదువు సాగించింది.

ఆపా కళ్లు తుడుచుకుంటూ నాకు మాత్రమే వినపడేలా అంది.

"గిరాకీ పోలేదు సూడు."